ఐరోపాలో ఇతరుల భూమి మీదుగా నడవడం: ఇక్కడి నుంచి వెళ్లేవారికి మార్గదర్శిని

హనుమకొండ, కరీంనగర్, జగిత్యాల, నిజామాబాద్ ప్రాంతాల నుంచి చదువుకో ఉద్యోగానికో జర్మనీ, బ్రిటన్, ఐర్లాండ్, స్వీడన్ వంటి దేశాలకు వెళ్లిన పిల్లలు, వాళ్లను చూడడానికి వెళ్లిన తల్లిదండ్రులు, సెలవు రోజున ఊరి బయటికి నడిచారంటే ఒక సందేహంలో పడతారు. ఎదురుగా ఉన్న అడవి ఎవరిదో, దాని పక్కనున్న గోధుమ చేను ఎవరిదో తెలియదు. ఒకచోట కంచె ఉంటుంది, మరొకచోట ఉండదు. అడుగుదామంటే మనిషి కనిపించడు. మన దగ్గర దీనికి రెండు అలవాట్లు ఉన్నాయి. ఊళ్లో అయితే ఎవరి చెలక గెట్టు మీదనుంచైనా అడగకుండానే నడిచిపోతాం, తగాదా వస్తే అది నక్షా బాటా కాదా అని పటం తీసి చూస్తాం. పాకాల, ఏటూరునాగారం వైపు అడవిలోకి అయితే అటవీ శాఖ చెక్‌పోస్టు దగ్గర ఆగుతాం. ఈ రెండింటిలో ఏదీ అక్కడ యథాతథంగా పనికిరాదు, ఎందుకంటే అక్కడి చాలా దేశాలలో ప్రైవేటు అడవిలో నడవడానికి ఎవరి అనుమతీ అక్కరలేదు కానీ, అదే అడవిలో టెంట్ వేసినా, పొయ్యి రాజేసినా జరిమానా పడవచ్చు.

కాబట్టి మొదట చేయవలసిన పని ప్రశ్నను విడగొట్టుకోవడం. నడవడం, రాత్రి ఉండడం, నిప్పు రాజేయడం, కాయో పండో ఏరుకోవడం, బండి నడపడం అనే అయిదింటికి ఒకే దేశంలో అయిదు వేర్వేరు జవాబులు ఉంటాయి. నడకకు హక్కు ఉన్నంత మాత్రాన మిగిలిన నాలుగూ దాని వెంట వస్తాయని అనుకోకూడదు. భూమి ఎవరిదన్న ప్రశ్న కూడా చాలాచోట్ల మొదటిది కాదు. ఆ నేలను ఇప్పుడు దేనికి వాడుతున్నారన్నదే మొదటిది. ఇంటి పెరడు, ఎదుగుతున్న పంట, కోతకు పెంచుతున్న గడ్డి, అడవి, బీడు అనే తేడాలను కంటితో గుర్తుపట్టగలిగితే సగం చట్టం తెలిసినట్టే. ఆ పని వ్యవసాయ కుటుంబాల నుంచి వెళ్లిన మనవాళ్లకు, నగరంలో పుట్టి పెరిగిన అక్కడివాళ్లకంటే తేలికేనని నా అభిప్రాయం.

స్వీడన్, నార్వే, ఫిన్లాండ్

అన్నిటికంటే విశాలమైన హక్కు ఇక్కడే ఉంది. స్వీడన్‌లో ప్రకృతిలో తిరిగే అవకాశం అందరికీ ఉంటుందన్న మాటను 1994లో రాజ్యాంగంలోనే చేర్చారు. 'అలెమన్స్‌రెట్టెన్' అని పిలిచే ఈ హక్కు పౌరులకు మాత్రమే పరిమితం కాదు. నిన్న విమానం దిగిన విద్యార్థికి కూడా వర్తిస్తుంది. అయితే ఏది చేయవచ్చో వరుసగా చెప్పే ప్రత్యేక చట్టమంటూ లేదు. ఇతరులకు భంగం కలిగించవద్దు, దేన్నీ పాడు చేయవద్దు అన్న రెండు ముక్కలే అక్కడి ప్రభుత్వ పర్యావరణ సంస్థ జనానికి పదేపదే చెప్పేది.

దీన్ని ఆచరణలో పెట్టే తీరు ఇలా ఉంటుంది. ఇంటి చుట్టూ ఉన్న స్థలం ఆ ఇంటివారి ఏకాంతానికి చెందినది. దానికి మీటర్ల లెక్క ఉండదు. కంచె లేకపోయినా ఇంటి కిటికీలోంచి మీరు కనిపిస్తున్నారంటే, మీ మాటలు వాళ్లకు వినిపిస్తున్నాయంటే, మీరు దగ్గరికి వచ్చినట్టే లెక్క. మొలకెత్తిన చేను, కొత్తగా నాటిన మొక్కలు తొక్కకూడదు. ఇవి తప్పించి అడవిలో బాట ఉన్నా లేకపోయినా నడవవచ్చు. ఒకటి రెండు రాత్రులు చిన్న టెంట్ వేసుకోవచ్చు; పదిమంది కలిసి నాలుగైదు టెంట్లు వేయదలిస్తే యజమానిని అడగాలి. కారును, బైకును రోడ్డు దింపి మట్టినేల మీద నడపడం 1975 నాటి చట్టం ప్రకారం నిషిద్ధం. బ్లూబెర్రీలు, లింగన్‌బెర్రీలు, పుట్టగొడుగులు ఏరుకోవచ్చు. బతికున్న చెట్టు కొమ్మ విరవడం, బెరడు ఒలవడం మాత్రం నేరం. చేపల విషయం వేరు: సముద్రతీరంలోనూ, అయిదు పెద్ద సరస్సులలోనూ చేతి గాలంతో ఉచితంగా పట్టుకోవచ్చు, మిగిలిన చెరువులకు స్థానికంగా అమ్మే చేపల కార్డు కొనుక్కోవాలి. జాతీయ వనాలు, ప్రకృతి రక్షిత ప్రాంతాలకు సొంత నిబంధనలు ఉంటాయి గనుక ప్రవేశం దగ్గరున్న బోర్డును ఓపికగా చదవాలి. కొన్నిచోట్ల టెంట్ పూర్తిగా నిషేధం.

నార్వేలో ఈ హక్కు 1957 నాటి చట్టంలో స్పష్టంగా రాసి ఉంది, అందువల్ల కొత్తవారికి అది కొంత సులభం. సాగులో ఉన్న నేల ఒక రకం, సాగులో లేని నేల మరో రకం. రెండో దానిలో ఏడాది పొడవునా నడవవచ్చు. మొదటి దానిలోకి నేల గడ్డకట్టినప్పుడో మంచు కప్పినప్పుడో, అదీ చలికాలంలోనే అడుగుపెట్టాలి. జనం ఉండే ఇంటికి, కేబిన్‌కు కనీసం 150 మీటర్ల దూరంలో టెంట్ వేయాలి, ఒకే చోట రెండు రాత్రులకు మించి ఉండాలంటే అనుమతి కావాలి. జనావాసాలకు దూరంగా ఎత్తైన కొండల మీద ఈ రెండు రాత్రుల పరిమితి లేదు. ఏప్రిల్ 15 నుంచి సెప్టెంబర్ 15 వరకు అడవిలోనూ దాని దాపులోనూ నిప్పు రాజేయడంపై సాధారణ నిషేధం ఉంటుంది.

ఫిన్లాండ్‌లో నడక, తాత్కాలిక బస, బెర్రీలు ఏరుకోవడం అన్నీ స్వీడన్‌ను పోలినవే. నిప్పు విషయంలో మాత్రం కఠినంగా ఉంటారు: భూమి యజమాని అనుమతి లేకుండా మంట వేయకూడదు. డెన్మార్క్ కూడా పక్క దేశమే కదా అని అదే ధీమాతో అక్కడి ప్రైవేటు అడవిలోకి పోవద్దు. అక్కడ హక్కు బాటల వరకే, పగటి వేళ వరకే.

బ్రిటన్: ఒకే ద్వీపం, రెండు పద్ధతులు

స్కాట్లాండ్, ఇంగ్లండ్ ఒకే దేశంలో భాగాలైనా ఈ విషయంలో వేర్వేరు లోకాలు. స్కాట్లాండ్ పార్లమెంటు 2003లో చేసిన భూ సంస్కరణ చట్టం 2005 ఫిబ్రవరిలో అమలులోకి వచ్చింది. దాని ప్రకారం చాలా వరకు భూమి మీదా, సరస్సుల మీదా బాధ్యతగా నడవవచ్చు, సైకిల్ తొక్కవచ్చు, పడవ వేసుకోవచ్చు, కొద్దిమందిగా చిన్న టెంట్ వేసుకొని ఒకే చోట రెండు మూడు రాత్రులు ఉండవచ్చు. ఇళ్లు, తోటలు, పంట ఉన్న చేలు దీనిలోకి రావు, చేను అంచు వెంబడి నడవవచ్చు. మోటారు వాహనాలకు ఈ హక్కు లేదు. కారులో పడుకోవడాన్ని టెంట్ కింద లెక్కపెట్టరు. గ్లాస్గో విద్యార్థులు తేలికగా వెళ్లే లోక్ లోమండ్ జాతీయ వనంలో, మార్చి నుంచి సెప్టెంబర్ చివరి వరకు కొన్ని ఒడ్డులలో టెంట్‌కు ముందుగా పర్మిట్ తీసుకోవాలి. 2017లో ఆ నిబంధన వచ్చింది.

ఇంగ్లండ్, వేల్స్‌లలో హక్కు నేలకు కాదు, గీతకు ఉంటుంది. ఎవరి భూమి మీదుగానైనా సరే, చట్టబద్ధమైన కాలిబాటగా నమోదైన గీత వెంబడి నడవవచ్చు. దాని నుంచి పక్కకు జరిగితే అతిక్రమణ. దీనికి తోడు 2000లో వచ్చిన చట్టం కొండలు, మోర్లు (చెట్లు లేని ఎత్తైన బీళ్లు), ఉమ్మడి భూములు వంటివాటిని నడకకు తెరిచింది, అది ఇంగ్లండ్ నేలలో సుమారు 8 శాతం మాత్రమే. ఆ కొంచెమైనా ఊరికే రాలేదు: 1932 ఏప్రిల్ 24న డెర్బీషైర్‌లోని కిండర్ స్కౌట్ కొండ మీదికి మాంచెస్టర్ ప్రాంతపు కార్మికులు వందలాదిగా కావాలనే హద్దు దాటి నడిచారు, వారిలో అయిదుగురు జైలుకు వెళ్లారు.

ఇక్కడ చేతిలో ఉండవలసినది ఆర్డ్‌నెన్స్ సర్వే సంస్థ ముద్రించే 1:25,000 స్కేలు మ్యాప్. దానిలో ఆకుపచ్చ తునక గీతలు హక్కు ఉన్న బాటలు. నల్ల తునక గీత అంటే అక్కడ నేల మీద బాట ఉందని మాత్రమే అర్థం, మీకు హక్కు ఉందని కాదు. ఫోన్‌లోని మామూలు మ్యాప్ ఈ తేడా చూపించదు గనుక దానిని నమ్ముకుని పోయి ఎవరి పెరట్లోనో తేలిన తరువాత వాదించి లాభం లేదు.

నేల మీద ఇది ఎలా ఉంటుందో ఒకసారి చూద్దాం. ఊరు దాటగానే రోడ్డు పక్కన 'పబ్లిక్ ఫుట్‌పాత్' అని రాసిన చెక్క గుంజ, దానికి పసుపు బాణం గుర్తు కనిపిస్తాయి. నీలం బాణమైతే గుర్రాలకూ సైకిళ్లకూ కూడా దారి ఉన్నట్టు. బాణం చూపిన వైపు కంచెకు రెండు మెట్లలా చెక్క పలకలు బిగించి ఉంటే వాటి మీదుగా ఎక్కి దిగాలి, తీగలను వంచి దూరకూడదు. అవతల మోకాలెత్తు గోధుమ చేను, మ్యాప్‌లోని గీత సరిగ్గా దాని నడుమ నుంచి పోతూ ఉంటుంది. ఇక్కడ మనవాళ్ల కాలు ముందుకు పడదు. పంట తొక్కడం తప్పని చిన్ననాటి నుంచి విన్నాం గనుక చేను చుట్టూ ఒడ్డు పట్టుకొని తిరిగిపోతారు. చట్టం మాత్రం దీనికి తలకిందులుగా ఉంది. దున్నినా విత్తినా రైతు ఆ బాటను మళ్లీ కనిపించేలా చేసి, చేను మధ్య నుంచి పోయే కాలిబాటకు కనీసం ఒక మీటరు వెడల్పు ఉంచాలి. ఒడ్డు వెంబడి పోవడానికి, అక్కడ మరో బాట నమోదై ఉంటే తప్ప, మీకు హక్కు లేదు. కాబట్టి ఒకరి వెనక ఒకరుగా మధ్య నుంచే నడవండి. గేటు వస్తే, మూసి ఉన్నదాన్ని మూసి, తెరిచి ఉన్నదాన్ని తెరిచి వదలండి. తెరిచి ఉన్న గేటు మరచిపోయింది కాకపోవచ్చు, అవతలి తొట్టిలో నీళ్లకు గొర్రెలు వెళ్లే దారి అదే కావచ్చు.

ఆవులున్న మైదానం వస్తే కొంత భయం ఉండడం మంచిదే. మన ఊరి ఆవులు మనుషుల మధ్య తిరిగేవి. అక్కడివి అలా కాదు, దూడలతో ఉన్నప్పుడు తరిమి మనుషులను చంపిన సంఘటనలు బ్రిటన్‌లో ఉన్నాయి. తల్లికీ దూడకూ మధ్యలోకి పోవద్దు, చుట్టూ తిరిగి అవతల మళ్లీ బాట మీదికి చేరండి. వెంట కుక్క ఉండి ఆవులు మీదికి వస్తే దాని తాడు వదిలేయండి. అవి వచ్చేది కుక్క కోసమే, అది పరుగెత్తి తప్పించుకుంటుంది.

ఇంగ్లండ్‌లో యజమానిని అడగకుండా టెంట్ వేసే హక్కు ఉన్న చోటు చెప్పుకోదగ్గది నైరుతి మూలనున్న డార్ట్‌మోర్ జాతీయ వనం ఒక్కటే. అక్కడి ఉమ్మడి భూములపై 1985 నాటి చట్టం ఇచ్చిన హక్కులో రాత్రి బస చేరదని హైకోర్టు 2023 జనవరిలో తీర్పు ఇవ్వగా, అదే ఏడాది జులైలో అప్పీలు కోర్టు దాన్ని తిప్పికొట్టింది. 2025 మే 21న సుప్రీంకోర్టు కూడా టెంట్ వేసే హక్కు ఉందని తేల్చింది. అక్కడ కూడా ఏయే భాగాలలో వేయవచ్చో జాతీయ వనంవారు మ్యాప్ ఇస్తారు.

జర్మనీ, దాని ఇరుగుపొరుగు

జర్మనీలో దాదాపు సగం అడవి ప్రైవేటు వ్యక్తులది. అయినా 1975 నాటి సమాఖ్య అటవీ చట్టం 14వ సెక్షన్ ప్రకారం సేదతీరడానికి ఎవరైనా ఆ అడవిలోకి కాలినడకన పోవచ్చు. సైకిల్ మాత్రం దారుల మీదనే. బవేరియా అయితే 1946 నాటి తన రాజ్యాంగంలోనే అడవిలో తిరగడాన్ని, స్థానిక అలవాటు మేరకు అడవి పండ్లు కోసుకోవడాన్ని ప్రజల హక్కుగా రాసుకున్నది. పొలాలు, గడ్డి మైదానాలు వేరే: విత్తనం పడినప్పటి నుంచి కోత వరకు దారి దిగకూడదు. గడ్డిని చూసి బీడు అనుకోవద్దు, అది పశువుల మేతకు పెంచుతున్న పంట. అక్కడ దుప్పటి పరిచి క్రికెట్ ఆడితే రైతు ట్రాక్టర్ దిగి వస్తాడు. అడవి అంచుల్లో నిచ్చెనతో కనిపించే చెక్క మంచెలు వేటగాళ్లవి, ఫొటో కోసం వాటిని ఎక్కకూడదు. ఎర్ర-తెలుపు టేపు కట్టి చెట్లు నరుకుతున్నట్టు బోర్డు పెట్టి ఉంటే, ఆదివారమైనా, రంపం చప్పుడు వినిపించకపోయినా, లోపలికి పోవద్దు. మీ రాక మీ పూచీ మీదనే అని చట్టం స్పష్టంగా చెబుతున్నది గనుక కొమ్మ విరిగిపడితే యజమానిని అడిగే వీలు సాధారణంగా ఉండదు.

జర్మనీ అడవిలో టెంట్ వేయడం సాధారణంగా నిషిద్ధం. విద్యార్థుల గుంపులు దీనిని తేలికగా తీసుకుంటున్నాయి. 'ఎవరూ చూడలేదు' అన్న అనుభవం అనుమతి కాదు. ఆస్ట్రియాలోనూ 1975 నాటి అటవీ చట్టం నడకకే హక్కు ఇచ్చింది: టెంట్‌కు, అడవి దారిలో సైకిల్‌కు యజమాని ఒప్పుకోవాలి, మూడు మీటర్లకంటే పొట్టిగా ఉన్న లేత అడవిలోకి నడిచి కూడా పోకూడదు. స్విట్జర్లాండ్‌లో 1912 నుంచి అమలులో ఉన్న పౌర స్మృతి 699వ అధికరణ అడవినీ పచ్చికబయళ్లనూ అందరికీ తెరిచి ఉంచింది.

హక్కు తక్కువగా ఉన్నచోట్లు

ఐర్లాండ్‌లో ప్రైవేటు భూమిపై సాధారణ ప్రవేశ హక్కు లేదు. కొండ మీదికి పోయే బాట కూడా చాలాసార్లు రైతు మంచితనం మీదనే తెరిచి ఉంటుంది, ఆయన మూసివేయదలిస్తే మీ దగ్గర వాదన ఉండదు. ఫ్రాన్స్‌లో 2023 ఫిబ్రవరి చట్టం తరువాత, బోర్డు పెట్టిన ప్రైవేటు అడవిలోకి పోవడమే జరిమానా పడే తప్పు అయింది. నెదర్లాండ్స్‌లో అడవి దారి మొదట్లో కనిపించే బోర్డు మీద '461' అన్న అంకె ఉందేమో చూడండి. అది శిక్షా స్మృతిలోని అధికరణ సంఖ్య, ప్రవేశం లేదని అర్థం. చాలా బోర్డులు మాత్రం సూర్యోదయం నుంచి సూర్యాస్తమయం వరకు బాటల మీద నడవనిస్తాయి. స్పెయిన్‌లో దీనికి ఎదురుగా, వేటకు కేటాయించిన భూమి అని చెప్పే నలుపు-తెలుపు పలకను చూసి వెనక్కి తిరగనక్కరలేదు, అది వేట హక్కు గురించి చెబుతున్నది గానీ దారి గురించి కాదు. అక్కడ గొర్రెల మందలు కొండలకూ మైదానాలకూ మధ్య తిరిగిన పాత దారులు 1995 చట్టం ప్రకారం ఇప్పటికీ ప్రజల ఆస్తి. పోలండ్‌లో అటవీ శాఖ 2021 నుంచి కొన్ని అడవి భాగాలను గుర్తించి, తొమ్మిది మంది వరకు రెండు రాత్రులు ముందస్తు సమాచారం లేకుండానే ఉండనిస్తున్నది.

నిప్పు, పుట్టగొడుగులు, రోడ్డు పక్క పండ్లు

కార్తీక మాసంలో వనభోజనాలకు, ఆదివారం దావత్‌కు చెట్ల కింద మూడు రాళ్ల పొయ్యి పెట్టడం మనకు మామూలు. అక్కడ ఆ అలవాటును ఇంట్లోనే వదిలి వెళ్లాలి. జర్మనీలోని అనేక రాష్ట్రాలలో అడవికి 100 మీటర్ల లోపు కూడా నిప్పు రాజేయకూడదు, వేసవి నెలల్లో అడవిలో సిగరెట్ తాగడం కూడా నిషేధం. స్వీడన్‌లో నిషేధం లేని రోజుల్లో జాగ్రత్తగా మంట వేయవచ్చు గానీ బండ మీద వేయకూడదు, వేడికి బండ పగిలి ఆ మచ్చ ఎన్నటికీ పోదు. కూరలూ బగారన్నమూ ఇంటి దగ్గరే వండుకొని పోవడం మేలు. కాల్చుకొనే తీరాలంటే పురపాలక సంఘాలు నిప్పుకు కట్టించిన గ్రిల్ స్థలాలు చాలా ఊళ్ల అంచుల్లో ఉంటాయి.

పండ్లూ పుట్టగొడుగుల విషయంలో జర్మనీ సూత్రం సొంత వాడకానికి కొద్దిగా అన్నది. ఆస్ట్రియాలో మనిషికి రోజుకు రెండు కిలోల పుట్టగొడుగులకు మించకూడదు. రోడ్డు పక్కన ఆపిల్ చెట్టు కాయలు రాలిపోతున్నా దానికి యజమాని ఉంటాడు. జర్మనీలో కొన్నిచోట్ల చెట్టు మొదలుకు పసుపు రిబ్బన్ కట్టి ఉంటే ఎవరైనా కోసుకోవచ్చని గుర్తు.

పుట్టగొడుగుల దగ్గర చట్టంకంటే ప్రాణం ముఖ్యం. జర్మన్లు 'నోలెన్‌బ్లెటర్‌పిల్జ్' అని పిలిచే విషపు పుట్టగొడుగు, లేతగా ఉన్నప్పుడు మన దగ్గర వరిగడ్డి మీద పెంచే తినే రకాన్ని పోలి ఉంటుంది. ఆసియా దేశాల నుంచి వెళ్లినవారు దీనివల్లనే మోసపోతారు; 2015లో జర్మనీకి చేరిన శరణార్థులలో పలువురు ఇలా విషానికి గురయ్యారు. వండినా ఎండబెట్టినా ఆ విషం పోదు. తిన్న ఆరు గంటలకో ఇంకా ఆలస్యంగానో వాంతులు మొదలై, మధ్యలో తగ్గినట్టు అనిపించి, ఆ తరువాత కాలేయం పాడవుతుంది. ఊళ్లో పుట్ట మీద పుట్టగొడుగులు ఏరిన అనుభవం ఎంత ఉన్నా అక్కడ పనికిరాదు. శిక్షణ పొందిన సలహాదారుకు చూపించనిదే పొయ్యి మీద పెట్టవద్దు.

అడగడం, అడిగితే జవాబు చెప్పడం

హక్కు లేనిచోట అడగడం తప్పు కాదు, చాలాసార్లు ఒప్పుకుంటారు. చీకటి పడ్డాక తలుపు తట్టవద్దు, పొద్దుండగానే వెళ్లండి. గుంపంతా కాకుండా ఇద్దరు ముందుకు పోయి, ఎక్కడ, ఎంతమంది, ఎప్పటివరకు అన్న మూడూ ఒకేసారి చెప్పండి: "మేము ముగ్గురం, ఈ రాత్రికి ఆ చెట్ల పక్కన ఒక చిన్న టెంట్ వేసుకోవచ్చా? నిప్పు పెట్టము, పొద్దున ఎనిమిదికల్లా వెళ్లిపోతాం." అనుమతి వస్తే మరునాడు పోయేటప్పుడు ఒకసారి కనిపించి చెప్పి పోవడం బాగుంటుంది.

దారిలో ఎవరైనా ఆపి ఇది నా భూమి అంటే, మొదట మ్యాప్ తీసి మీరున్న చోటు చూపించండి. బాట మీదనే ఉంటే మర్యాదగా ఆ మాట చెప్పవచ్చు. తప్పి ఉంటే బాటకు దగ్గరి దారి ఏదని అడిగి అటే వెళ్లిపోండి. ఇంగ్లండ్‌లో కేవలం హద్దు దాటడం సాధారణంగా పోలీసు కేసు కాదు, సివిల్ తగాదా, కానీ వెళ్లమన్నాక మొండికేస్తే వ్యవహారం ముదురుతుంది. వీసా మీద ఉన్నవాళ్లు అంత దూరం తెచ్చుకోకపోవడమే మంచిది.

కాలకృత్యాలకు నీటి ఒడ్డు నుంచి కనీసం 30 మీటర్ల దూరం పోయి గుంత తీసి పూడ్చాలన్నది స్కాట్లాండ్ నియమావళి, అన్నిచోట్లా పాటించదగ్గది. ప్రమాదం జరిగితే ఐరోపా అంతటా 112కు ఫోన్ చేయవచ్చు.

గడ్డిలో, పొదల్లో నడిచి వచ్చిన ప్రతి సాయంత్రం మోకాలి వెనక, చంకలు, గజ్జలు, చెవి వెనక పిడుదు పట్టిందేమో చూసుకోండి. ఉంటే నూనె పోయకుండా, మంట చూపకుండా, సన్నని చిమటాతో చర్మానికి ఆనించి పట్టి నిదానంగా పైకి లాగి తీయాలి. తరువాతి వారాలలో ఆ చోట ఎర్రటి వలయం పెరుగుతూ కనిపిస్తే అది లైమ్ వ్యాధి కావచ్చు, డాక్టర్ యాంటీబయాటిక్ ఇస్తారు. మెదడు వాపు తెచ్చే మరో పిడుదు వ్యాధికి టీకా ఉంది, మూడు మోతాదులు. దక్షిణ జర్మనీ, ఆస్ట్రియా, స్వీడన్ తీరప్రాంతాలలో ఉండబోయేవారు అక్కడి డాక్టర్‌ను అడిగి చలికాలంలోనే మొదలుపెట్టుకుంటే పిడుదుల కాలం వచ్చేసరికి మొదటి రెండు పూర్తవుతాయి.